మంచు విడేలోగా

గాజువాకలో నా బైకు సర్వీసింగుకి ఇచ్చే షెడ్డులో గొలుసు కడగడానికి ఇప్పటికీ కిరసనాయిలే వాడతారు. పోయిన వారం మెకానిక్కు తడిపిన గుడ్డను నా పక్కన బల్ల మీద పడేసి టీ తాగడానికి వెళ్లాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడి చెయ్యి దానంతటదే ప్యాంటుకు తుడుచుకుంది. చేతికి అంటిందేమీ లేదు. కిరసనాయిలంటే మా అమ్మకు స్టవ్వు గుర్తొస్తుంది. నాకు మాత్రం మంచులో సగం మాయమైన ఒక ఇనుప టవరూ, దాని మీద ఎక్కడో చప్పుడు లేకుండా నిలబడిపోయిన పైడిరాజు గారూ గుర్తొస్తారు.

పైడిరాజు గారు నా మొదటి బాసు. నేను అనకాపల్లిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, సెల్ టవర్ల మరమ్మతులు చూసే ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరాను. అరకు సెక్షనుకు ఆయన సూపర్వైజరు. విజయనగరం పక్క పల్లెటూరి మనిషి. యాభై దాటాయి, పొట్టి, కాస్త బొజ్జ, మెట్లెక్కితే ఆయాసం. భార్య పోయింది, కూతురు రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది. ఆయన బౌద్ధుడని నాకు మొదటిరోజే మా జీపు డ్రైవరు చెప్పాడు. అదేదో బయటికి చెప్పకూడని జబ్బయినట్టు గొంతు తగ్గించి మరీ చెప్పాడు. "సారు కోడి తినరు, దోమను కూడా కొట్టరు. తిట్టడంలో మాత్రం ఎవరికీ లోటు సెయ్యరు."

ఆ చివరి ముక్క నిజమే. ఒకసారి నేను ఎర్తింగు తీగ సరిగా బిగించలేదని నలుగురిలో నన్ను కడిగేశారు. ఆ రోజు మధ్యాహ్నం నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మీటరు రీడింగు చదివినంత మామూలుగా ఇలా అన్నారు: "ఇందాక నీ మీద అరిసిన దాంట్లో సగం నీది కాదు. పొద్దున్న హెడ్డాఫీసోళ్లు నన్నన్నారు. ఆ బరువు తెచ్చి నీ నెత్తిన దించాను. ఎర్తింగు తప్పు మాత్రం నీదే. అది వేరే పద్దు." అందులో క్షమాపణ లేదు, సమర్థింపు కూడా లేదు. సరే సార్ అన్నాను.

మా ఆఫీసు ఒక హార్డువేరు షాపు పైన ఉండేది. పక్క గదిలో ఆయన నివాసం. తెల్లవారుజామున దుప్పటి మడతపెట్టుకుని గోడకేసి కూర్చునేవారు. ఆ గోడకు బుద్ధుడి పటం కూడా ఉండేది కాదు. ఒక మేకు, దానికి ఆయన పసుపు రంగు హెల్మెట్టు, అంతే. కొన్నాళ్లకు నాకూ ఆ వైపు ఆసక్తి పుట్టింది. సెలవుల్లో విశాఖపట్నంలో ఒక ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాను. ఏ పని మొదలుపెట్టినా కావలసిన సామాను ముందు రాసుకోవడం నా పద్ధతి. ఇక్కడా అదే చేశాను, ఫోనులో రాసుకున్నాను: శ్రద్ధ, ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత, ప్రజ్ఞ; వాటి కింద ఓర్పు, సత్యం, మైత్రి. వీటిలో మొదలుపెట్టే ముందే ఉండి తీరవలసినవేవి, తర్వాత చేర్చుకోదగ్గవేవి అని ఆయన్నడిగాను. ఆయన ఉప్మా తింటున్నారు. ఫోను తీసుకుని చదివి, మళ్లీ పైనుంచి కిందికి చదివారు.

"పిరికితనం రాయలేదేటి?"

అది గుణం కాదు కదా, లోపం అన్నాను.

"మన దగ్గరున్నది స్టాకులో రాయాలి, లేనిది, తెప్పించుకోవాల్సింది ఇండెంటులో రాయాలి. నువ్వు ఇండెంటు రాసి, స్టాకని సంతకం పెట్టేత్తన్నావు, మురళీ."

నవ్వాను గానీ లోపల చురుక్కుమంది. ఆయన జాబితాను కొట్టిపారెయ్యలేదు. ఇవన్నీ కావలసినవే అన్నారు. లోపల ఏముందో ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం వీటికి పునాది అనీ, అది లేనివాడు ఓర్పు తెచ్చుకున్నా అది వేషమే అవుతుందనీ అన్నారు. ఆ మాట నాకప్పుడు మరీ చిన్నదిగా అనిపించింది. పునాది అంటే ఇంకాస్త బరువైనదేదో ఉంటుందనుకున్నాను.

ఆ ఏడు డిసెంబరులో తుపాను వాన కురిసి వెలిసింది. కొండల మీద వలిసె పూలు విరగబూసి ఉన్నాయి. సంపంగిపుట్టు టవరు సిగ్నలు ఆగిపోయిందని కబురొచ్చింది. అది అరకుకు అవతల కొండ మీద ఊరు. వాగు దాటాక జీపు పోదు. సామాను భుజానేసుకుని గంటకు పైగా ఎక్కాలి. టవరు మీద డిష్షు వెనక ఉండే పెట్టెలోకి నీరు దిగి ఉంటుందని కిందనుంచే తేల్చాం. మార్చవలసింది ఒక కేబులు కొస, ఒక కనెక్టరు. పని చిన్నదే, దానికి దారే లేదు. తాటిచెట్టంత ఎత్తులో, నిచ్చెనకు ఒక చేతి దూరంలో, కొండ తేనెటీగలు పట్టు పెట్టాయి. చేట కన్నా పెద్దది, నల్లగా నిగనిగలాడుతోంది. గాలి కదిలినప్పుడల్లా దాని ఒంటి మీద అల ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెడుతోంది. ఆ జాతి ఈగలు గుంపుగా పడితే మనిషి బతకడం కష్టం. వాటికోసం వేసుకునే ముసుగు చొక్కా మా సెక్షనుకు ఇంకా రాలేదు.

మాకోసం టవరు కంచె దగ్గర ఎదురుచూస్తున్నది బొంజుబాబు. ముప్ఫై లోపు వయసు, కాఫీ తోట ఉంది, ఆదివారం కింద ఊరి చర్చికి వెళతాడు. భార్య జమునకు నెలలు నిండాయి. ఆమెకిది రెండో కాన్పు. మొదటిసారి టవరు లేదు. నొప్పులు మొదలవగానే అంబులెన్సుకు ఫోను చెయ్యడానికి అతను సిగ్నలు దొరికే మలుపు దాకా కొండ దిగి పరుగెత్తాడు. బండి వచ్చేసరికి జమున బతికింది, బిడ్డ బతకలేదు. ఈసారి ముందే ఆస్పత్రికి వచ్చి ఉండమని నర్సమ్మ చెప్పినా, మంచాన పడ్డ అత్తను వదిలి జమున కదల్లేదు. టవరు వచ్చింది కదా, పిలిస్తే బైకు అంబులెన్సు కాలిబాటన కూడా వచ్చేస్తుంది కదా అన్న ధైర్యంతో ఉన్నారు. ఆ టవరు ఇప్పుడు మూగదైంది.

ఈగల్ని తగలబెడదాం అన్నాడు బొంజుబాబు. తేనె తీసే ఇంటివాడే, పద్ధతి తెలుసు. పక్కనున్న బండ మీద నిలబడి, పొడుగాటి వెదురు కొసన కాగడా కట్టి అందిస్తే పట్టు రాలిపోతుంది. ఇలాంటి పట్టుల విషయంలో మా ఆఫీసు ఆదేశం కూడా అదే. పైడిరాజు గారు ఒప్పుకోలేదు. మంట తగిలితే కేబుళ్లు కాలిపోతాయి, అప్పుడు వారం పడుతుంది అన్నారు. అతను తల దించుకున్నాడు. చుట్టూ చేరిన పెద్దవాళ్లు కూడా, సారు చెప్పింది నిజమే కాబోలనుకున్నారు. గొడవ అక్కడితో సద్దుమణిగేది.

పైడిరాజు గారు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "బొంజుబాబూ, కేబుళ్ల సంగతి సగమే నిజం. జాగర్తగా పెడితే కాలవు. సంపడం నాకిష్టం లేదు. అదీ అసలు సంగతి" అన్నారు.

 అంత చక్కగా పనిచేసిన మాటను ఆయన తన నోటితోనే పాడుచేసుకున్నారు. బొంజుబాబు ముఖం ఎర్రబడింది. కంచె దాటి ఆయన మీదికి వచ్చేశాడు. "ఈగ పెద్దదేటి సారూ, నా ఆడది పెద్దదేటి? మీరు పున్నెం మూటగట్టుకోడానికి నా ఇల్లే దొరికిందా?" అన్నాడు. పెద్దవాళ్లలో ఒకాయన అతని భుజం పట్టుకుని ఆపాడు.  పైడిరాజు గారు బుద్ధుడి మాట ఎత్తలేదు.

"నీ ఆడమనిషే పెద్దది" అన్నారు. "అందుకే రేపు పొద్దున్నే నేనెక్కుతాను. సలికి అవి ముద్దకట్టుకుని ఉంటాయి, బేగి లేవవు. టవరు కొసకి ఎండ తగిలేదాకా నాకియ్యి. అప్పటికి పని కాకపోతే ఎలిగించు. తరవాత మురళి ఎక్కుతాడు."

అప్పటికి మీరు పట్టు పక్కనే ఉంటే అని బొంజుబాబు అడిగాడు.  ఆయన వెదురు తెప్పించమన్నారు. గోనె గుడ్డ కొసన చుట్టి, తీగతో బిగించి, కిరసనాయిలు తన చేత్తోనే పోసి తడిపి అతనికి అందించారు.

బడి అరుగు మీద మాకు పడక ఇచ్చారు. పంచశీల పాటించే మీరే కాగడా తడిపి ఇవ్వడమేమిటని ఆయన్ను నిలదీశాను. శీలం తన చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి కాదన్నారు. కాల్చవలసి వస్తే ఆ పాపం బొంజుబాబు ఒక్కడి మీదికీ నెట్టి తాను పక్కన నిలబడలేనన్నారు. భయంగా లేదా అని అడిగితే, "కాళ్లు సల్లబడిపోనాయి, పట్టుకు సూడు" అని కాలు చాపారు. నిజంగానే మంచు గడ్డలా ఉంది.

తెల్లవారింది గానీ మంచు విడలేదు. కంచె దగ్గర నిలబడితే టవరు మొదటి అడ్డకమ్మీ దాకానే కనబడుతోంది. ఆయన రెయిన్‌కోటు తొడుక్కుని, హెల్మెట్టు మీదుగా దోమతెర కప్పి మెడ దగ్గర దారంతో బిగించుకున్నారు. పైన మాట్లాడ్డానికి లేదు కాబట్టి పనిముట్ల తాడు ఒక కొస తన నడుముకి, రెండో కొస నా చేతికి. కాగడా వెలిగించే ముందు నేను తాడు గట్టిగా లాగాలి. లాగితే ఏం చేస్తారు, దిగుతారా అని అడిగాను. దిగే టైముండదు, కమ్మీని కావలించుకుని కళ్లు మూసుకుంటానన్నారు. తర్వాత మంచులోకి ఎక్కి వెళ్లిపోయారు.

ఆయన కనబడడం ఆగాక వినబడడం ఒక్కటే మిగిలింది. నడుం పట్టీ కొక్కెం ఇనుముకి తగిలినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు. ఒక మెట్టుకు ఒక చప్పుడు, తర్వాత ఊపిరి పీల్చుకునేంత ఆగడం. బండ మీద బొంజుబాబు వెదురు నిలబెట్టి పట్టుకున్నాడు. కాగడా నుంచి కిరసనాయిలు వెదురు వెంట కారి అతని వేళ్ల మీదికి దిగుతోంది. ఇద్దరం చెవులు పైనే పెట్టాం. చప్పుడు పట్టు ఎత్తుకి చేరిందనుకున్నప్పుడు ఆగిపోయింది. మళ్లీ రాలేదు. తాడు నా చేతిలో కదలడం లేదు. స్పృహ తప్పి పట్టీకి వేలాడుతున్నారా, పైకి పోలేక నిలబడిపోయారా తెలియదు. పిలవడానికి లేదు. పిలిస్తే ఈగలు లేస్తాయి.

అప్పుడే బొంజుబాబు తమ్ముడు ఇంటి వైపు నుంచి పరుగున వచ్చి, వదినకు నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. బొంజుబాబు అతన్ని కిందికి, సిగ్నలు దొరికే మలుపుకు తరిమాడు. పోయినసారి తను పరుగెత్తిన దారే అది. తమ్ముడు కనుమరుగయ్యేదాకా అటే చూసి ఇటు తిరిగాడు.  అదే సమయానికి పైన మంచు పల్చబడింది. టవరు కొస పసుపుపచ్చగా వెలిగింది. ఎండ తగిలింది.

ఆ వెలుతురు కొంచెం కొంచెంగా కిందికి జారుతుంటే పైడిరాజు గారు కనబడ్డారు. పట్టుకు చేతి దూరంలో, కమ్మీ పట్టుకుని బొమ్మలా నిలబడి ఉన్నారు. తెర మీద, చేతుల మీద, వీపు మీద ఈగలు. పట్టు ఒంటి మీద అల మొదలైంది. చలి విడిచి లేస్తున్నాయి. ఆయన బతికే ఉన్నారని తెలిసింది ఒక్క వేలు వల్ల. కమ్మీ మీద చూపుడువేలు నెమ్మదిగా పైకి లేచి, మళ్లీ కిందికి దిగింది. ఆగమని చెబుతున్నారో, చేతి పట్టు సడలుతోందో తెలియలేదు.

"తాడు లాగు" అన్నాడు బొంజుబాబు.

నేను లాగలేదు. లాగనని చెప్పే ధైర్యమూ లేదు. అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మాట ప్రకారం అతనిదే న్యాయం. ఇంట్లో ఉన్నది అతని భార్య. పుల్ల తీసి పెట్టె మీద ఆనించి పైకి చూశాడు. ఎంతసేపో చూశాడు. తర్వాత బండ మీంచి దిగి నా దగ్గరికొచ్చి వెదురునూ అగ్గిపెట్టెనూ నా చేతిలోకి తోశాడు.

"నువ్వట్టుకో. నా సేతిలో ఉంటే ఎలిగించేత్తాను."

అని, గొంతుక్కూర్చుని రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కాగడా. నా అరచేయంతా కిరసనాయిలు. అతను పైకి చూడడం మానేసి నేలకేసి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థనో, తిట్లో నాకు వినబడలేదు.

టక్కుమంది. మళ్లీ కాసేపటికి ఇంకొకటి. తాడు నా చేతిలోంచి పైకి పాకింది. ఆయన పట్టు దాటారు. ఎండ కిందికి దిగేకొద్దీ ఈగలు ఒకటొకటిగా లేచి ఆయన వెనక తిరుగుతున్నాయి. మెడ దగ్గర తెర ఊడింది. ఒకసారి ఆయన భుజం ఎగిరిపడడం, వెంటనే చెయ్యి మెడ వైపు లేవడం, సగంలో ఆగి తిరిగి కమ్మీ మీదికి రావడం చూశాను. కొడితే గుంపంతా లేస్తుంది. చెయ్యి మళ్లీ లేవలేదు. డిష్షు వెనక ఆయన ఎంతసేపు పనిచేశారో నేను చెప్పలేను. సిగ్నలు తిరిగొచ్చి నా జేబులో ఫోను కిచకిచలాడడం మొదలుపెట్టినప్పుడు అది నాదని కూడా గుర్తుపట్టలేదు. బొంజుబాబు గుర్తుపట్టాడు. తన ఫోను తీసి, చెవికి పెట్టుకుని, కంచె దాటి ఇంటి వైపు నడుస్తూ ఊరి పేరు, దారి, భార్య పేరు చెప్పడం వినబడింది. గొంతు మామూలుగానే ఉంది.

బైకు అంబులెన్సు బయల్దేరి, కొండ దిగుతున్న తమ్ముడికి దారిలోనే ఎదురైంది. జమునకు ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పైడిరాజు గారు దిగేసరికి ముఖం, మెడ, చేతులు వాచిపోయి ఉన్నాయి. ఊరివాళ్లు దుప్పటిని కర్రకు కట్టి ఆయన్ను కిందికి మోశారు. ఈగలు వలిసె పూలు అయిపోయేదాకా అక్కడే ఉండి, తర్వాత ఎటో వెళ్లిపోయాయి. నియమాలకు విరుద్ధంగా టవరెక్కారని కంపెనీ ఇచ్చిన మెమోకు ఆయన ఒకే వాక్యం రాశారు: ఇందులో రాసినదంతా నిజమే.

మర్నాడు వార్డులో ఆయన పక్కన కూర్చున్నాను. కళ్లు చీలికల్లా ఉన్నాయి. అంతసేపు ఈగల మధ్య నిలబడడానికి ఎంత మైత్రి కావాలోనని నా మనసులో మాట బయటపెట్టాను. ఆయన నవ్వబోయి, పెదవి నొప్పెట్టి ఆపుకున్నారు.

"మైత్రేటి, నీ మొహం. బొంజుబాబు మీద కోపంతో ఎక్కాను. పున్నెం మూటన్నాడు కదా, అది కడుపులో మండతా ఉంది. సూడు, నేనెలాటివోణ్నో అని సూపిద్దామని ఎక్కాను. పట్టు కాడికి ఎల్లేసరికి అవి మీద వాలినాయి. కదలడానికి లేదు, ఇంకేటి సేత్తాను? అక్కడ నిలబడితే కనబడింది, ఇది ధైర్యం కాదు, కోపం అని. కనబడ్డాక కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు."

అప్పుడు నేను కింద జరిగింది చెప్పాను. ఎండ తగలడం, నొప్పులు, అగ్గిపుల్ల, వెదురు నా చేతిలోకి తోయడం, అతనన్న మాట. ఆయన ఆ మాట మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"ఇన్నేళ్లు గోడకేసి కూకున్నాను, మురళీ. నా సేతిలో ఉంటే ఎలిగించేత్తానని ఒక్కరోజు అనలేదు. నేనైతే గట్టిగా పట్టుకుని, ఎలిగించనని నాకు నేనే సెప్పుకుందును. అలా సెప్పుకున్నోడే ఎలిగిత్తాడు."

నర్సు వచ్చి ఆయన్ను మాట్లాడొద్దని కసిరింది. ఆయన బుద్ధిగా తల ఊపారు.

తర్వాత రెండేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. అరుపులు తగ్గలేదు. అరిచిన తర్వాత వచ్చి కుర్చీ లాక్కుని కూర్చోవడమూ మానలేదు. పోయిన వానాకాలంలో మూత్రపిండాల జబ్బుతో పోయారని కూతురు ఫోను చేసి చెప్పింది. నేను రోజూ పొద్దున్న కూర్చుంటాను. శ్రద్ధ ఉందని గానీ, ఏకాగ్రత కుదిరిందని గానీ ఎవరైనా అడిగితే చెప్పలేను. గుణాల జాబితా ఇప్పుడు రాయడం లేదు. పెద్ద గుణాలన్నీ మనలో ఉన్నాయనుకోవడం తేలిక. ఈ నిమిషాన నన్ను నేను నమ్మడానికి లేదని పక్కనున్న మనిషితో అనడం కష్టం. పైడిరాజు గారి దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు పనికొస్తున్నది ఇదొక్కటే. దాన్ని చేసి చూపింది మాత్రం ఆయన కాదు.

పోయిన నెల ఊళ్లో ఇంటి గోడ విషయమై మా అన్నయ్య ఫోనులో ఒక మాటన్నాడు. నేను జవాబు టైపు చేశాను. చదువుకుంటే ప్రతి వాక్యమూ నిజమే, ప్రతి వాక్యమూ గుచ్చడానికి రాసిందే. వంటగదిలో మా ఆవిడ వంకాయలు తరుగుతోంది. ఫోను తీసుకెళ్లి ఆమెకిచ్చి, కాసేపు నీ దగ్గరుంచు, నా చేతిలో ఉంటే పంపించేస్తాను అన్నాను.  తను తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫోను తీసుకుని ఫ్రిజ్జు మీద పెట్టి, మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. నేనూ అక్కడే గడప మీద కూర్చున్నాను. అన్నయ్య మీద కోపం ఏమీ తగ్గలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.